జంట కట్టడం వేరు, కలిసి పారడం వేరు

ఒమన్‌లో మేముండే రుస్తాఖ్ ఊరికి రెండు విషయాల్లో పేరుంది. ఒకటి కోట, రెండోది నీళ్ళు. హజర్ కొండల పాదాల దగ్గరున్న ఈ ఊళ్ళో ఐన్ అల్ కస్ఫా అనే వేడినీటి బుగ్గ ఉంది. ఫలజ్ అనే పాతకాలపు కాలవలు కూడా ఉన్నాయి. 2006లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన అయిదు ఒమనీ ఫలజ్‌లలో ఒకటైన ఫలజ్ అల్ ముయస్సర్ మా రుస్తాఖ్‌దే. పంపు లేదు, మోటారు లేదు. నేల వాలుని పట్టుకుని నీరు తనంతట తానే తోటల్లోకి వస్తుంది.

ఇక్కడికి దగ్గర్లోనే ఉండే ఒక తెలుగు పెద్దాయన ఉన్నారు. నాకు చుట్టం కాదు గానీ బాబాయి గారు అని పిలుస్తాను. గోదావరి జిల్లా మనిషి, ఇరవై ఏళ్ళకు పైగా గల్ఫ్‌లో కరెంటు లైన్ల పనిలో ఉన్నారు. శుక్రవారం పొద్దున్నే ఎండ ఎక్కకముందు ఇద్దరం కాలవ గట్టు వెంట నడుస్తాం. 2023 జూలైలో దక్షిణ కొరియా నుంచి ఎల్‌కే-99 అనే పదార్థం గురించి వార్త వచ్చింది గుర్తుందా? మామూలు గది వేడిలో, ఏ నష్టమూ లేకుండా కరెంటుని మోస్తుందన్నారు. కొన్ని వారాల్లోనే చాలా ప్రయోగశాలల వాళ్ళు పరీక్షించి అది అతివాహకం కాదని తేల్చేశారు. ఆ వార్త వాట్సాప్‌లో చూసిన దగ్గర్నుంచి బాబాయి గారిది ఒకటే ప్రశ్న.

"అబ్బాయ్, మేము పంపిన కరెంటులో కొంత దారిలోనే వేడైపోతోంది. నష్టం లేని తీగ అసలు వస్తుందంటావా, రాదంటావా? ఏదో ఒకటి చెప్పు."

"నేను కంప్యూటర్ల వాణ్ణి బాబాయి గారూ, ఫిజిక్సు వాణ్ణి కాదు," అని తప్పించుకుంటూ వచ్చాను. కానీ ఎమ్మెస్ చేసే రోజుల్లో ఈ ప్రశ్నకి దగ్గరలోనే నాకు ఒక ఎదురుదెబ్బ తగిలింది. అందుకని ఆ మధ్య కూర్చుని కొంత చదివాను. చదివినకొద్దీ తెలిసిందేమిటంటే, ఈ ప్రశ్నకి జవాబు వెతికే వాళ్ళలో కొందరు తీగల దగ్గర కాదు, లేజర్ కిరణాల మధ్య వేలాడే కాసిని పరమాణువుల దగ్గర కూర్చున్నారు. ఆ కథే ఈ వ్యాసం. లెక్కలు లేకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

వాలు అక్కర్లేని కాలవ

ఫలజ్‌లో నీరు పారాలంటే వాలు ఉండాలి. ఎందుకంటే నీరు గోడలకి రాసుకుంటుంది, తనలో తాను రాసుకుంటుంది, ఆ రాపిడిలో శక్తి పోతుంది. పోయిన శక్తిని వాలు భర్తీ చేస్తుంది. తీగలో కరెంటూ అంతే. ఎలక్ట్రాన్లు దారిలో దేన్నో ఒకదాన్ని గుద్దుకుంటూ పోతాయి, తీగ వేడెక్కుతుంది. వోల్టేజీ అంటే తీగకి మనం ఇచ్చే వాలు అనుకోవచ్చు.

1911లో హాలెండ్‌లో కామర్లింగ్ ఆనెస్ పాదరసాన్ని 4.2 కెల్విన్ దాకా చల్లబరిచాడు. అంటే సున్నాకి దిగువన దాదాపు 269 సెల్సియస్ డిగ్రీలు. అక్కడ పాదరసం నిరోధం ఒక్కసారిగా మాయమైపోయింది. దీనికే అతివాహకత అని పేరు. 1938లో మాస్కోలో కపిత్సా, కేంబ్రిడ్జిలో ఆలెన్, మైస్నర్ అనే ఇద్దరు ఇలాంటిదే ద్రవ హీలియంలో చూశారు. 2.17 కెల్విన్ కంటే కిందికి దిగితే హీలియం ఏ రాపిడీ లేకుండా సన్నటి సందుల్లోంచి కూడా జారిపోతుంది. దీన్ని ఇంగ్లీషులో సూపర్‌ఫ్లూయిడిటీ అంటారు. మనం అతిప్రవాహం అందాం. తీగలో అతివాహకత అంటే ఎలక్ట్రాన్ల అతిప్రవాహమే. మోసేది విద్యుదావేశం కాబట్టి పేరు మారింది.

మరి గుంపు మొత్తం రాపిడి లేకుండా ఎలా పారుతుంది? గుంపులో ప్రతి కణం తన దారి తను చూసుకోకుండా అన్నీ ఒకే తరంగంలా కదిలితే. అప్పుడు ఒకదాన్ని పక్కకి తోయాలంటే అందరినీ తోయాలి. చిన్న చిన్న అడ్డంకులకి అంత బలం ఉండదు.

ఒక సీటుకి ఒక్కరే

ఇక్కడే చిక్కు వస్తుంది. ప్రకృతిలో కణాలు రెండు రకాలు. బోసాన్లు, ఫెర్మియాన్లు. బోసాన్ల పేరు 1924లో ఢాకా నుంచి ఐన్‌స్టైన్‌కి తన పరిశోధన పంపిన మన సత్యేంద్రనాథ్ బోసు గారి మీదుగా వచ్చింది. ఫెర్మియాన్ల పేరు 1926లో వాటి లెక్క కట్టిన ఎన్రికో ఫెర్మి మీదుగా వచ్చింది.

బోసాన్లు భజన బృందం లాంటివి. ఎంతమందైనా ఒకే చోట, ఒకే స్థితిలో చేరిపోతాయి. చల్లబరిస్తే అన్నీ అట్టడుగు స్థితిలో చేరి ఒకే తరంగమవుతాయి. ఫెర్మియాన్లు అలా కాదు. అవి రిజర్వేషన్ ఉన్న బస్సులో ప్రయాణికులు. ఒక సీటుకి ఒక్కరే. ముందు సీట్లు నిండితే తర్వాత వచ్చినవాళ్ళు వెనక్కి పోవాల్సిందే. ఎంత చల్లబరిచినా అన్నీ ఒకే సీట్లో కూర్చోవు. నిండిన ఆఖరి సీటు దగ్గర ఉండే శక్తిని ఉష్ణోగ్రతగా చెబితే దాన్ని ఫెర్మి ఉష్ణోగ్రత అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఏది ఏ రకమో కనుక్కోవడం తేలిక. పరమాణువులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు కలిపి లెక్కపెట్టండి. సరి సంఖ్య వస్తే బోసాన్, బేసి సంఖ్య వస్తే ఫెర్మియాన్. లిథియం-7లో 3, 4, 3 కలిపి 10, కాబట్టి బోసాన్. లిథియం-6లో 3, 3, 3 కలిపి 9, కాబట్టి ఫెర్మియాన్. ఒకే మూలకం, ఒక్క న్యూట్రాన్ తేడా, స్వభావం మాత్రం పూర్తిగా వేరు. విడి ఎలక్ట్రాన్ ఎప్పుడూ ఫెర్మియానే.

మరి ఒంటరిగా కూర్చునే ఎలక్ట్రాన్లు పాదరసంలో భజన ఎలా కట్టాయి?

కోలాటం జంటలు

1956లో లియాన్ కూపర్ అనే యువకుడు దారి చూపించాడు. రెండు ఫెర్మియాన్లు జంట కడితే, రెండు బేసిలు కలిసి సరి అవుతుంది. అంటే జంట బోసాన్‌లా ప్రవర్తించగలదు. మరుసటి ఏడు, 1957లో, బార్డీన్, కూపర్, ష్రీఫర్ కలిసి పూర్తి సిద్ధాంతం రాశారు. దానికి 1972లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి కదా, జంట ఎలా కడతాయి అని అడగవచ్చు. నులక మంచం మీద ఒకరు కూర్చుంటే మంచం అటు కుంగి పక్కనున్నవారు కూడా అటే జారతారు. లోహంలో ధనావేశపు అయాన్ల అమరిక ఈ నులక మంచం. ఒక ఎలక్ట్రాన్ వెళ్ళిన చోట అది కాస్త కుంగుతుంది, రెండోది అటు లాగబడుతుంది. జంటలోని రెండిటి మధ్య దూరం చాలా ఎక్కువ. ఆ మధ్యలో వేరే జంటల ఎలక్ట్రాన్లు ఎన్నో ఉంటాయి. కోలాటంలో మన జోడీ వలయానికి అవతల ఉండవచ్చు, మధ్యలో పదిమంది తిరుగుతూ ఉండవచ్చు, అయినా అడుగు కలుస్తుంది చూడండి, అలాగన్నమాట.

దీనికి వ్యతిరేక కొస కూడా ఒకటుంది. రెండు ఫెర్మియాన్లు గట్టిగా చేతులు పట్టుకుని ఒకే అణువుగా మారిపోవడం. కోలాటం జంటల నుంచి ఈ గట్టి జంటల దాకా మధ్యలో గోడ లేదనీ, ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి నెమ్మదిగా వెళ్ళవచ్చనీ 1980లో ఆంథొనీ లెగెట్ సిద్ధాంతపరంగా చూపించాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. అతిప్రవాహం కావాలంటే రెండు పనులు జరగాలి. ఒకటి, కణాలు జంట కట్టాలి. రెండు, జంటలన్నీ ఒకే అడుగు వేయాలి. పాదరసం, సీసం లాంటి మామూలు లోహాల్లో ఈ రెండూ దాదాపు ఒకే ఉష్ణోగ్రత దగ్గర జరిగిపోతాయి. అందుకని రెండిటినీ వేరు చేసి చూడాల్సిన పని ఎవరికీ అంతగా పడలేదు.

1986లో బెడ్నోర్జ్, మ్యూలర్ రాగి ఆక్సైడ్ల జాతిలో కొత్త అతివాహకాలు కనిపెట్టారు. 1987 నాటికి ద్రవ నత్రజని మరిగే 77 కెల్విన్ దాటి, 90 కెల్విన్ పైన కూడా పనిచేసేవి దొరికాయి. వాటిలో కొన్నిటిలో అతివాహకత ఇంకా రాకముందే, పై ఉష్ణోగ్రతలోనే ఎలక్ట్రాన్లలో ఏదో మార్పు కనిపిస్తుంది. అవి ముందే జంట కట్టి, అడుగు మాత్రం కలపలేకపోతున్నాయా? లేక అది ఇంకేదో వేరే వ్యవహారమా? దశాబ్దాలుగా ఇది వాదన. ఇది తేలితే, నష్టం లేని తీగ కోసం ఏది పెంచాలో తెలుస్తుంది, జంట బలాన్నా, జంటల కదలికనా అని.

నాకు 34 గిగాబైట్లు నేర్పిన పాఠం

ఈ రాగి ఆక్సైడ్లని అర్థం చేసుకోవడానికి చాలామంది వాడే నమూనా 1963 నాటిది, జాన్ హబ్బర్డ్ పేరుతో పిలుస్తారు. చూస్తే చాలా చిన్నది. వరుసగా గుంటలు. ఎలక్ట్రాన్ ఒక గుంటలోంచి పక్క గుంటలోకి దూకవచ్చు, దానికి ఒక అంకె. ఒకే గుంటలో రెండు చేరితే వాటి మధ్య తోపుడు, దానికి ఇంకో అంకె. అంతే, రెండే అంకెలు.

ఎమ్మెస్‌లో సైంటిఫిక్ కంప్యూటింగ్ కోర్సు ప్రాజెక్టుకి నేను దీన్నే ఎంచుకున్నాను. రెండే అంకెలు కదా, వారాంతంలో అయిపోతుందనుకున్నాను. ఒక్కో గుంటకి నాలుగు అవకాశాలు. ఖాళీ, పైకి స్పిన్ ఉన్నది ఒకటి, కిందికి స్పిన్ ఉన్నది ఒకటి, రెండూ కలిసి. 12 గుంటలకి కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు స్థితులు. ప్రోగ్రాం చక్కగా నడిచింది. ఉత్సాహంగా 16 గుంటలు, అంటే 4 అడ్డం 4 నిలువు, ఇచ్చాను. స్థితులు 429 కోట్లయ్యాయి. ఒక్క వెక్టర్ దాచడానికే 34 గిగాబైట్లు కావాలి. నా మెషీన్‌లో ఉన్నది 16. నాలుగు గుంటలు పెంచినందుకు పని 256 రెట్లు పెరిగింది. సౌష్ఠవాలు వాడి తెలివిగా తగ్గించవచ్చు, తగ్గించి ఎలాగో గట్టెక్కాను. కానీ 8 అడ్డం 8 నిలువు గళ్ళకి వెళితే, అంటే చదరంగం బల్ల అంత దానికి, స్థితుల సంఖ్య 34 పక్కన 37 సున్నాలు. ఏ డేటా సెంటరూ దాన్ని దాచలేదు.

ఇంకో మార్గం ఉంది, అన్ని స్థితులూ దాచకుండా పాచికలు వేసినట్టు కొన్నిటిని ఏరుకుని సగటు తీయడం. ఫెర్మియాన్ల దగ్గర దీనికీ ఒక జబ్బుంది. రెండు ఫెర్మియాన్లు చోటు మార్చుకుంటే గుర్తు మారుతుంది, ప్లస్ మైనస్ అవుతుంది. పెద్ద పెద్ద ప్లస్‌లు, మైనస్‌లు కొట్టేసుకుని చివరికి మిగిలే చిన్న జవాబు శబ్దంలో కలిసిపోతుంది. తోసుకునే కణాలు ఉండి, కొన్ని గుంటలు ఖాళీగా ఉన్న సందర్భంలో, అంటే సరిగ్గా రాగి ఆక్సైడ్లకి కావలసిన చోటే, ఈ జబ్బు ముదురుతుంది.

మన వృత్తిలో ఒక అలవాటుంది. సిమ్యులేటర్ చేతకాకపోతే అసలు హార్డ్‌వేర్ మీదే నడిపి చూస్తాం. ఫిజిక్సు వాళ్ళూ అదే చేశారు. హబ్బర్డ్ నమూనాని కంప్యూటర్‌లో రాయడం మానేసి, నిజంగా కట్టేశారు.

కాంతితో కట్టిన గుంటలు

ఎదురెదురుగా రెండు లేజర్ కిరణాలు పంపితే వాటి తరంగాలు కలిసి, వెలుగు చీకటి వరసలతో ఒక నిలకడ తరంగం ఏర్పడుతుంది. మూడు దిక్కులా ఇలా చేస్తే కోడిగుడ్ల అట్టలాగా గుంటలు గుంటలుగా ఒక అమరిక వస్తుంది. పరమాణువులు ఆ గుంటల్లో కూర్చుంటాయి. దీన్ని కాంతి జాలకం అందాం. 1064 నానోమీటర్ల లేజర్‌తో ఎదురెదురుగా చేస్తే గుంటకీ గుంటకీ 532 నానోమీటర్ల దూరం. నిజం స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరం కంటే ఇది సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ. అందుకే మైక్రోస్కోపుతో చూడటం సాధ్యమవుతుంది.

ఇందులో ఎలక్ట్రాన్ వేషం వేసేవి లిథియం-6, పొటాషియం-40 లాంటి ఫెర్మియాన్ పరమాణువులు. అయాన్ల అమరిక వేషం లేజర్ కాంతిది. లేజర్ బలం పెంచితే గుంటలు లోతవుతాయి, దూకడం తగ్గుతుంది. కణాల మధ్య ఆకర్షణో తోపుడో కావాలంటే అయస్కాంత క్షేత్రాన్ని మార్చాలి. దీన్ని ఫెష్‌బాక్ అనునాదం అంటారు. లిథియం-6కి సుమారు 832 గాస్ దగ్గర ఈ పరస్పర ప్రభావం అత్యంత బలంగా ఉంటుంది. దానికి ఒక పక్క గట్టి జంటలు, ఇంకో పక్క కోలాటం జంటలు. లెగెట్ కాగితం మీద చూపిన దారిలో ఒక నాబ్ తిప్పుతూ నడవవచ్చన్నమాట. రాగి ఆక్సైడ్ ముక్కకి ఇలాంటి నాబ్‌లు ఉండవు. ఎలా దొరికిందో అలా వాడుకోవాలి.

చల్లబరచడం రెండు దశల్లో జరుగుతుంది. మొదట లేజర్లతో పరమాణువుల వేగం తగ్గిస్తారు. తర్వాత మట్టి కూజాలో నీళ్ళు చల్లబడే పద్ధతి. అన్నిటికన్నా వేడిగా ఉన్నవాటిని బయటికి పోనిస్తే మిగిలినవి ఒకదాన్నొకటి గుద్దుకుని తక్కువ వేడిలో సర్దుకుంటాయి. ఫెర్మియాన్లతో ఇక్కడా పేచీయే. ఒకేలాంటి ఫెర్మియాన్లు బాగా చల్లబడితే ఒకదాన్నొకటి గుద్దుకోవడమే మానేస్తాయి. గుద్దుకోకపోతే కూజా పని చేయదు. 1999లో అమెరికాలోని బౌల్డర్‌లో జిలా సంస్థలో డెబొరా జిన్, ఆమె విద్యార్థి బ్రయాన్ డిమార్కో పొటాషియం-40ని రెండు వేర్వేరు అంతర్గత స్థితుల్లో కలిపి ఈ పేచీ తీర్చారు. అదే మొదటి ఫెర్మి వాయువు.

చూసినవి ఏమిటి

2003 చివర్లో జిన్ బృందమూ, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ బృందమూ ఫెర్మియాన్లని గట్టి జంటలుగా కట్టి, ఆ జంటలని ఒకే తరంగంగా మార్చారు. 2004 జనవరిలో జిన్ బృందం అణువులుగా మారని జంటల్లో కూడా అదే చూపించింది. ఈ రంగానికి బాట వేసిన జిన్ 2016లో కేన్సర్‌తో, 47 ఏళ్ళకే కన్నుమూశారు.

ఒకే తరంగమైతే సరే, నిజంగా రాపిడి లేకుండా పారుతోందా? 2005లో ఎంఐటీలో కెటర్లే, జ్వీర్లైన్ బృందం దీనికి సాక్ష్యం చూపించింది. మజ్జిగ చిలికినట్టు లేజర్‌తో లిథియం-6 మేఘాన్ని తిప్పారు. మామూలు ద్రవమైతే అంతా కలిసి తిరుగుతుంది. అతిప్రవాహం అలా తిరగలేదు. ఒక్కో సుడికీ ఇంత అని ప్రకృతి కట్టిన లెక్క ప్రకారం చిన్న చిన్న సుడులుగా విడిపోవాలి. ఫోటోలో ఆ సుడులు వరసగా, తేనెపట్టు గళ్ళలాగా కనిపించాయి. నాబ్‌ని ఇటూ అటూ తిప్పినా, గట్టి జంటల వైపూ కోలాటం జంటల వైపూ, సుడులు ఉన్నాయి.

ఇప్పుడు ఫెర్మి ఉష్ణోగ్రత అన్న మాట దగ్గరికి రండి. పరస్పర ప్రభావం అత్యంత బలంగా ఉన్నచోట ఈ వాయువు తన ఫెర్మి ఉష్ణోగ్రతలో 0.167 వంతు దగ్గర అతిప్రవాహంగా మారుతుందని 2012లో ఎంఐటీ వారే కొలిచారు. చూడటానికి చిన్న అంకె. కానీ రాగిలో ఎలక్ట్రాన్ల ఫెర్మి ఉష్ణోగ్రత సుమారు 80 వేల కెల్విన్లు. అదే నిష్పత్తి రాగి తీగకి వర్తిస్తే 13 వేల కెల్విన్ల దగ్గర కూడా నిరోధం ఉండకూడదు. సూర్యుడి ఉపరితలమే 5,800 కెల్విన్ల లోపు. రాగి తీగ అలా అవుతుందని కాదు. కానీ నానోకెల్విన్లలో కొలిచే ఈ వాయువు, తన కొలతతో తాను చూసుకుంటే, మనకి తెలిసిన ఏ అతివాహకం కన్నా "వేడి"ది. గది వేడిలో అతివాహకత అసాధ్యమని ప్రకృతి నియమం ఏదీ చెప్పలేదని దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. నాకు ఈ విషయం అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది.

ఇక జాలకంలోకి వద్దాం. 2005లో జ్యూరిక్‌లో ఎస్లింగర్ బృందం పొటాషియం-40ని కాంతి జాలకంలో నింపి, లోహంలో ఎలక్ట్రాన్ల మాదిరే అవి సీట్లు నింపుకోవడం చూసింది. 2006లో ఎంఐటీ బృందం లిథియం జంటలని జాలకంలో పెట్టింది. జాలకాన్ని ఒక్కసారిగా ఆపేస్తే పరమాణువులు అన్ని వైపులకీ ఎగురుతాయి. జంటలన్నీ ఒకే అడుగులో ఉంటే వాటి తరంగాలు కొన్ని దిక్కుల్లో కలిసి కొట్టొచ్చినట్టు చుక్కలు పడతాయి. అడుగు తప్పితే చుక్కలుండవు, మసక మాత్రమే. గుంటలు తక్కువ లోతులో ఉన్నప్పుడు చుక్కలు స్పష్టంగా పడ్డాయి. జాలకంలో ఫెర్మియాన్ జంటల అతిప్రవాహానికి అది మొదటి సాక్ష్యం. గుంటలు లోతు చేస్తూ పోతే ఒక హద్దు దగ్గర చుక్కలు మాయమయ్యాయి. మళ్ళీ లోతు తగ్గిస్తే చుక్కలు తిరిగి వచ్చాయి.

జంటలు విడిపోయి ఉంటే అలా సులువుగా తిరిగి రావు. జంటలు ఒక్కో గుంటలో కుదురుకుని కదలడం మానేశాయని పరిశోధకుల వివరణ. అంటే జంట ఉంది, ప్రవాహం లేదు. ఈ వ్యాసానికి నేను పెట్టిన పేరు ఇదే. ఫలజ్‌లో నీరుంది, తూములు మూశారు. మడి దాకా నీరు రాకపోతే కాలవలో నీరు లేదని కాదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ప్రయోగంలో ఆకర్షణ ఎంత బలంగా ఉందంటే రెండు అంకెల హబ్బర్డ్ నమూనా దానికి అచ్చంగా సరిపోదు. అసలు నమూనాకి దగ్గరగా రావడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. 2008లో జ్యూరిక్‌లోనూ, జర్మనీలోని మైంజ్‌లోనూ తోసుకునే ఫెర్మియాన్లతో గుంటకొకటి కూర్చుని కదలని స్థితిని చూపించారు. 2015లో అయిదు ప్రయోగశాలలు ఫెర్మియాన్లని ఒక్కొక్కటిగా చూసే మైక్రోస్కోపులు తయారుచేశాయి. 2017లో హార్వర్డ్‌లో గ్రైనర్ బృందం పైకి, కిందికి స్పిన్‌లు చదరంగం గళ్ళలా ఒకటి విడిచి ఒకటి సర్దుకోవడం చూసింది. సుమారు 80 గుంటలు. నేను 16 దగ్గర ఆగిపోయానని గుర్తుండే ఉంటుంది. రాగి ఆక్సైడ్లలో కూడా అతివాహకతకి ముందు ఉండేది సరిగ్గా ఈ చదరంగం అమరికే. అందులోంచి కొన్ని ఎలక్ట్రాన్లు తీసేస్తే, ఆ ఖాళీలు జంట కట్టి పారతాయని ఆశ.

2023లో రెండు మంచి వార్తలు వచ్చాయి. మ్యూనిక్ బృందం నిచ్చెన ఆకారపు సన్నటి జాలకంలో, తోసుకునే పరమాణువుల మధ్య ఖాళీలు జంట కట్టడం చూసింది. అక్కడ వాటిని కలిపింది నులక మంచం కాదు, చుట్టూ ఉన్న స్పిన్‌ల అమరిక. ఎంఐటీలో జ్వీర్లైన్ బృందం ఆకర్షించుకునే పరమాణువుల జంటలని నేరుగా ఫోటో తీసింది. కోలాటం జంటలాగే, జోడీలు వేర్వేరు గుంటల్లో ఉండటం ఒక్కో ఫోటోలోనూ లెక్కపెట్టగలిగారు. ఆకర్షణ ఉన్న ఈ వైపున గుర్తుల జబ్బు లేదు కాబట్టి కంప్యూటర్ లెక్కతో సరిపోల్చుకునే వీలుంది. కంప్యూటర్ చెప్పగల చోట పరికరాన్ని సరిచూసుకుని, చెప్పలేని చోటికి దాన్ని తీసుకెళ్ళడం. మనం టెస్ట్ కేసులతో చేసే పనే కదా.

చలి చాలడం లేదు

మరి తోసుకునే ఫెర్మియాన్లు విశాలమైన జాలకంలో జంట కట్టి పారడం చూశామా? రాగి ఆక్సైడ్ రహస్యం అక్కడే ఉందని చాలామంది నమ్మకం. అక్కడే చలి చాలడం లేదు. జాలకంలో లెక్కకి వచ్చేది, గుంట నుంచి గుంటకి దూకే శక్తి. గుంటలు లోతైతే ఆ శక్తి తగ్గిపోతుంది. దానితో పోలిస్తే ఉష్ణోగ్రత ఇంకా తక్కువ ఉండాలి, అంటే కొన్ని నానోకెల్విన్లు. ఒక నానోకెల్విన్ అంటే డిగ్రీలో వంద కోట్లవ వంతు. జాలకం లేని వాయువు తన కొలతలో అంత "వేడి"గా ఉండి కూడా పారితే, జాలకంలో పెట్టగానే అంత చలి కావాల్సి రావడం చిత్రమే. కారణం పైన చెప్పుకున్నదే. జంట బలంగా ఉన్నా, జంటలు కదలలేకపోతే అడుగు కలవదు.

బాబాయి గారికి నేనిచ్చిన జవాబు

పోయిన శుక్రవారం ఇదంతా బాబాయి గారికి కాలవ గట్టు మీద చెప్పాను. అంతా విని ఆయన, "అయితే తీగ ఎప్పుడొస్తుందో చెప్పలేవన్నమాట," అన్నారు.

"చెప్పలేనండి. ఉన్న తీగలు ఉన్నాయి. జర్మనీలో ఎస్సెన్ ఊళ్ళో 2014లో ఒక కిలోమీటరు పొడవున, పది వేల వోల్టులకి అతివాహక కేబుల్ వేశారు. కాకపోతే దాని పొడవునా ద్రవ నత్రజని పారాలి."

"మన ఎండల్లో దాన్ని చల్లబరచడానికే సగం కరెంటు పోతుందేమో!"

"అందుకే బాబాయి గారూ, చలి అక్కర్లేనిది కావాలి. దానికి జంట ఎలా కడుతుందో, కట్టిన జంట ఎందుకు ఆగిపోతుందో తెలియాలి. ఇన్నాళ్ళూ చేతికి దొరికిన పదార్థాన్ని కాల్చి చూడటమే. ఎల్‌కే-99 కూడా అలా వచ్చిందే. ఇప్పుడు ఒక్కో నాబ్ తిప్పి, దేనివల్ల ఏమవుతుందో చూసే వీలు దొరికింది."

మన పాఠకుల్లో చాలామంది నాలాగే సాఫ్ట్‌వేర్ వాళ్ళు కాబట్టి ఒక మాట. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతిలో క్వాంటం వ్యాలీ పెడతామని, అందులో ఐబీఎం వారి 156 క్యూబిట్ల యంత్రం ఉంటుందని ప్రకటించింది. ఆ క్యూబిట్లు పనిచేసేది కూపర్ జంటల అతివాహకత మీదే. కాంతి జాలకం కూడా ఒక రకం క్వాంటం యంత్రమే, కాకపోతే ఏ ప్రోగ్రాం పడితే అది నడపదు, ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. మన పిల్లలు ఈ రంగంలోకి వెళతామంటే కోడింగ్ ఒక్కటే చాలదు, ఫిజిక్సు పుస్తకం కూడా తెరవమని చెప్పండి. నా 34 గిగాబైట్ల అనుభవంతో చెబుతున్న మాట ఇది.

బాబాయి గారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. కాలవలో ఒక ఒమనీ రైతు తన వంతు సమయం రాగానే అడ్డు తీసి నీళ్ళు ఖర్జూరం తోటలోకి మళ్ళిస్తున్నాడు. ఇక్కడ నీళ్ళని గంటల లెక్కన పంచుకుంటారు.

"మా ఊళ్ళో కాలవ నిండా నీళ్ళున్నా చివరి చేలకి అందేవి కావు," అన్నారాయన. "తూము దగ్గర ఆగిపోయేవి. మేము నీళ్ళు చాలవనుకునేవాళ్ళం. తూము సరిచేస్తే అందాయి. నువ్వు చెప్పేది అదేనా?"

దాదాపు అదేనండి, అన్నాను. ఎండ ఎక్కుతోంది. ఇద్దరం కారు దగ్గరికి నడిచాం.